ఎవరూ ప్రశ్న అడగని చార్టు వేయడం ఎలా?

రేపు పదిన్నరకు రివ్యూ మీటింగ్. అంకెలు ఇప్పుడే చేతికొచ్చాయి, చూస్తే అంత గొప్పగా లేవు. ఎందుకు లేవో కనుక్కునే టైము లేదు, ఓపికా లేదు. గాభరా పడకండి. అంకెలు మీ చేతిలో లేకపోయినా వాటి బొమ్మ మీ చేతిలోనే ఉంది. ఒక గంట కూర్చుంటే దేన్నయినా మసిపూసి మారేడుకాయ చేయవచ్చు. ఆరింటికల్లా ఇంటికి పోవచ్చు.

ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. చార్టు బాగుందా లేదా అని తేల్చే కొలబద్ద ఒకటే: చూశాక గదిలో ఎవరూ నోరెత్తకూడదు. స్పష్టంగా ఉన్న చార్టు పని పుట్టిస్తుంది. ఫ్లారెన్స్ నైటింగేల్ ఏం చేసిందో చూడండి. క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికులు గాయాలతో పోయిందానికంటే రోగాలతో పోయిందే ఎక్కువని 1858లో గుండ్రటి రేకుల బొమ్మ వేసి చూపించింది. రోగాలతో పోయినవాళ్ల రేకులు ఎంత పెద్దవంటే, పార్లమెంటు సభ్యుడి నుంచి సామాన్యుడి దాకా అందరికీ ఒక్క చూపులో అర్థమైంది. ఇంకేముంది? బ్యారక్‌లు బాగు చేయాలన్నారు, మురుగు కాలవలు వేయాలన్నారు, నెలనెలా లెక్కలు రాయాలన్నారు. ఆ గాలి మన దేశం దాకా వీచింది. ఇక్కడి సైన్యం ఆరోగ్యం మీద రాయల్ కమిషన్ వేస్తే, అది 1863లో నివేదిక ఇచ్చింది. ఒక్క బొమ్మ ఎన్ని ఆఫీసులకు పని పెట్టిందో చూశారా? మీకు ఆ గతి పట్టకూడదనే ఈ చిట్కాలు.

చార్టుల రంగంలో పండితులు రెండు వర్గాలుగా చీలి నలభై ఏళ్లుగా వాదించుకుంటున్నారు. ఒక వర్గానికి పెద్ద ఎడ్వర్డ్ టఫ్టీ. చార్టులో ప్రతి సిరాబొట్టూ ఏదో ఒక అంకెను చెప్పాలి, మిగతాదంతా చెత్త అంటాడు. అలాంటి అలంకారాలకు ‘చార్ట్‌జంక్’ అని పేరు పెట్టాడు. ఈ మాటలున్న పుస్తకాన్ని తనకు నచ్చిన తీరులో సొంతంగా అచ్చేయించుకోవడానికి ఇంటి మీద రెండో అప్పు తీసుకుని మరీ 1983లో బయటికి తెచ్చాడు. అవతలి వర్గంలో నైజెల్ హోమ్స్ ఉన్నాడు. టైమ్ పత్రికలో బొమ్మలు గీసేవాడు. 1982లో వజ్రాల ధరల గ్రాఫును ఒక అమ్మాయి కాలి వంపుగా గీశాడు. కన్ను ఆగితేనే కదా చదివేది అంటాడాయన. టఫ్టీకి ఆ బొమ్మ చూస్తే ఒళ్లు మండింది. ఇద్దరి బాధా ఒకటే, చూసేవాడికి అర్థం కావాలని. మనం ఆ చూసేవాడిని పక్కన పెట్టేద్దాం. ఈ చిట్కాలు మీకోసం.

1. సున్నాను పీకేయండి

పోయినేడు ఉత్తీర్ణత 62.1 శాతం, ఈ ఏడు 62.9 అనుకుందాం. సున్నా నుంచి మొదలుపెట్టి రెండు కమ్మీలు గీస్తే రెండూ ఒకే ఎత్తున నిలబడతాయి. పెద్దసారు కళ్లజోడు సవరించుకుని “పెరిగిందేముందయ్యా?” అంటారు. అందుకని నిలువు స్కేలును 62 దగ్గర మొదలుపెట్టండి. ఇప్పుడు మొదటి కమ్మీ ఎత్తు 0.1, రెండోదాని ఎత్తు 0.9. తొమ్మిది రెట్లు! ఒక్క పాయింటు కూడా లేని పెరుగుదల కొండంతయింది. మీరు అంకె మార్చలేదు, దొంగలెక్క రాయలేదు. ఎవరు తనిఖీకి వచ్చినా 62.1, 62.9 కమ్మీల నెత్తి మీదే ఉంటాయి. మనిషి కన్ను ఎత్తును చూస్తుంది, అంకెను తర్వాత చదువుతుంది. ఆ తర్వాత అన్నది మీటింగుల్లో రాదు.

దీనికి పెద్దగా కష్టపడనక్కర్లేదు. అంకెలు దగ్గరదగ్గరగా ఉంటే ఎక్సెల్ చాలాసార్లు తనంతట తానే సున్నాను వదిలేస్తుంది. దిద్దకుండా ఊరుకోవడమే మీ వంతు. పట్టుబడితే “సాఫ్ట్‌వేర్ అలా తీసుకుంది సార్” అనండి. సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ మెమో ఇవ్వరు.

పెద్దవాళ్లు కూడా ఇదే చేస్తారు, మొహమాట పడకండి. అమెరికాలో బుష్ కాలంనాటి పన్ను రాయితీలు ముగిసిపోతే పై శ్లాబు రేటు 35 శాతం నుంచి 39.6కు పోతుందని 2012లో ఫాక్స్ న్యూస్ ఒక చార్టు చూపించింది. స్కేలు 34 దగ్గర మొదలైంది. దాంతో ఒక కమ్మీ ఎత్తు 1, రెండోది 5.6. నాలుగున్నర పాయింట్ల చిల్లర తేడా టీవీ తెర మీద అయిదున్నర రెట్లయి నిలబడింది.

అంకె మీకు ఎదురు తిరిగితే చిట్కాను తిరగేయండి. స్కేలును సాగదీయండి. 2015 డిసెంబరులో నేషనల్ రివ్యూ అనే అమెరికా పత్రిక భూగోళపు సగటు ఉష్ణోగ్రతల గ్రాఫును మైనస్ 10 నుంచి 110 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఉన్న స్కేలు మీద చూపించింది. భూమి మొత్తం సగటున ఒకటి రెండు డిగ్రీలు కదిలితే మంచుకొండలు కరుగుతాయి, పంటకాలాలు మారతాయి. ఆ స్కేలు మీద మాత్రం గీత ఎటూ వంగకుండా చక్కగా సాగిపోయింది. మీ శాఖలో ఫిర్యాదులు పెరిగాయా? స్కేలును లక్ష దాకా పెట్టండి. ఎవరైనా అడిగితే “సున్నా నుంచి మొదలుపెట్టమని మీరే కదా సార్ అన్నారు” అని నిబంధనను వాళ్లకే అప్పజెప్పండి.

2. బొమ్మను మూల పట్టుకుని లాగండి

కమ్మీలు విసుగు పుట్టిస్తున్నాయంటే బొమ్మలు పెట్టండి. పాల దిగుబడికి ఆవు, ఆదాయానికి రూపాయల మూట, ఇళ్లకు ఇల్లు. దిగుబడి రెట్టింపు అయిందనుకోండి. ఆవు బొమ్మను మూల పట్టుకుని ఎత్తు రెట్టింపు అయ్యేదాకా లాగండి. ఎత్తుతో పాటు వెడల్పూ రెట్టింపు అవుతుంది. అంటే కాగితం మీద ఆవు ఆక్రమించే చోటు నాలుగు రెట్లు. దాన్నే నిజమైన ఆవులా ఊహించుకునేవాడికి ఒంటి పరిమాణం ఎనిమిది రెట్లు. రెండుకు ఎనిమిది! అడిగితే “ఎత్తు చూడండి సార్, కరెక్టుగా రెట్టింపే” అనండి. స్కేలు పెట్టి కొలిచినా మీరే నెగ్గుతారు.

ఈ కిటుకును డారెల్ హఫ్ 1954లోనే ‘హౌ టు లై విత్ స్టాటిస్టిక్స్’ అనే చిన్న పుస్తకంలో డబ్బు మూటల బొమ్మలతో వివరించాడు. మోసపోకుండా ఉండేందుకు రాశానన్నాడు. మీరు దాన్ని వంటల పుస్తకంలా చదువుకోండి, దినుసులన్నీ కొలతలతో సహా ఉన్నాయి.

దీనికి విరుగుడు కనిపెట్టినవాడు ఆటో న్యూరాత్. 1925లో వియన్నాలో కార్మికులకు సమాజాన్నీ ఆర్థిక వ్యవస్థనూ బొమ్మల్లో చూపించే మ్యూజియం పెట్టాడు. ఆయన నియమం: అంకె పెరిగితే బొమ్మ సైజు పెంచకూడదు, అదే సైజు బొమ్మలు ఎక్కువ పెట్టాలి. ఒక్కో బొమ్మ ఇంతమందికి సమానం, మీరే లెక్కపెట్టుకోండి అని. చదువు అంతంతమాత్రంగా వచ్చినవాడికి కూడా తెలిసిపోయేది. నలభై ఆవుల్ని వరసగా పేర్చాలి, వరసలు సరిచూసుకోవాలి, ఒకటి ఎక్కువైతే లెక్క తప్పుతుంది. మీకు అంత ఖర్మ దేనికి? ఒకే ఆవు, ఒకే లాగుడు.

ఎంత లాగాలి అన్నదానికి కూడా కొలత ఉంది. బొమ్మలో కనిపించే మార్పును అసలు అంకెల్లోని మార్పుతో భాగిస్తే వచ్చేదాన్ని టఫ్టీ ‘లై ఫ్యాక్టర్’ అన్నాడు. ఒకటి వస్తే నిజం చెప్పినట్టు. 1978లో న్యూయార్క్ టైమ్స్‌లో కార్ల మైలేజీ నియమాల మీద ఒక బొమ్మ వచ్చింది. గాలనుకు 18 మైళ్ల నుంచి 27.5 మైళ్లకు పెరగాలి, అంటే 53 శాతం. దూరంగా పోయే రోడ్డు మీద గీసిన గీతలు మాత్రం 0.6 అంగుళాల నుంచి 5.3 అంగుళాలకు పెరిగాయి. టఫ్టీ లెక్కకట్టి 14.8 అని తేల్చాడు. దాన్ని మీ లక్ష్యంగా పెట్టుకోండి. మొదటిసారికి 5 వచ్చినా నిరుత్సాహపడకండి.

3. ‘పై’ చార్టును పడుకోబెట్టండి

1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే ఇద్దరు మనిషి కన్ను దేన్ని బాగా పోల్చగలదో పరీక్షలు పెట్టి వరస కట్టారు. ఒకే స్కేలు మీద చుక్కలు ఎక్కడున్నాయో చాలా బాగా పోల్చగలం. తర్వాత పొడవులు, కోణాలు. వైశాల్యం ఇంకా కింద. ఘనపరిమాణం, రంగు గాఢత అట్టడుగున. ఆ జాబితాను కింది నుంచి పైకి చదవండి. కోణమూ, వైశాల్యమూ, ఘనమూ మూడూ కలిసి దొరికే వస్తువు త్రీడీ ‘పై’ చార్టు, అంటే ముక్కలుగా కోసిన గుండ్రటి బొమ్మ.

పడుకోబెట్టి, మందం ఇచ్చి, మీ ముక్కను ముందు వైపు పెట్టండి. ముందున్న ముక్కకు అంచు మందం కూడా కలిసొస్తుంది, వెనకున్నవి నలిగిపోతాయి. 2008 జనవరిలో మాక్‌వరల్డ్ వేదిక మీద స్టీవ్ జాబ్స్ అమెరికా స్మార్ట్‌ఫోన్ మార్కెట్‌ను ఇలాగే చూపించాడు. ఆపిల్ వాటా 19.5 శాతం, ‘ఇతరులు’ 21.2. కానీ ముందుకు వంగిన ఆపిల్ ముక్కే ఇతరుల ముక్కకంటే పెద్దగా కనిపించింది. అంకెలు రెండూ ముక్కల మీదే ఉన్నాయి. అంత అందమైన వస్తువులు చేసిన కంపెనీకే ఇది తప్పు కాలేదు, మీకెందుకవుతుంది?

మొత్తం 100 రావాలన్న పట్టుదల వదిలేయండి. 2009లో షికాగోలోని ఒక ఫాక్స్ ఛానెల్ పై చార్టులో మూడు ముక్కలు: 70, 63, 60. కూడితే 193. ఎవరైనా కూడి అడిగితే “ఒక్కొక్కరు ఒకటికంటే ఎక్కువ జవాబులు చెప్పొచ్చు సార్” అనండి.

4. రెండు స్కేళ్లు పెట్టండి, గీతల్ని కలపండి

ఎడమ వైపు నిధుల ఖర్చు కోట్లలో, కుడి వైపు ఫలితాలు శాతాల్లో. రెండు స్కేళ్లనూ అటూ ఇటూ జరిపితే రెండు గీతలూ మీకు కావలసినచోట కలుస్తాయి, మీకు కావలసినచోట విడిపోతాయి. నిధులు పెరిగాక ఫలితాలు పెరిగాయని చెప్పాలా? కలపండి. మీ ముందు పనిచేసినాయన హయాంలో రెండూ ఎడమొహం పెడమొహం అని చెప్పాలా? విడదీయండి. అవే అంకెలు. ఇంతకంటే విధేయమైన చార్టు లేదు.

ఇంకా ధైర్యముంటే స్కేళ్లే తీసేయండి. 2015లో అమెరికా కాంగ్రెస్‌లో ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ అనే సంస్థ మీద విచారణ జరిగినప్పుడు ఒక సభ్యుడు తెర మీద ఒక బొమ్మ వేయించాడు. రెండు బాణాలు. కాన్సర్ పరీక్షలు, నివారణ సేవలు 2006లో 20,07,371 నుంచి 2013లో 9,35,573కు దిగాయని ఒకటి. గర్భస్రావాలు 2,89,750 నుంచి 3,27,000కు ఎక్కాయని ఇంకోటి. మధ్యలో బాణాలు ఇంటూ గుర్తులా ఒకదాన్నొకటి దాటాయి. చివరికి మూడు లక్షల ఇరవై ఏడు వేలు పైన, తొమ్మిది లక్షల ముప్పై అయిదు వేలు కింద! పక్కన స్కేలు ఒక్కటి ఉన్నా ఇది కుదిరేది కాదు. కోట్ల మందికి సంబంధించిన చర్చ అది. అంతటి చర్చకు పనికొచ్చిన బొమ్మ మీ జిల్లా సమీక్షకు పనికిరాదా?

5. తేదీల్ని పొడుగు ప్రకారం నిలబెట్టండి

కేసులు తగ్గుతున్నట్టు కనిపించాలంటే కేసులు తగ్గనక్కర్లేదు. పొడుగు కమ్మీని ఎడమన, పొట్టిదాన్ని కుడిన పెట్టండి, తేదీలు వాటి వెంట వస్తాయి. 2020 మేలో అమెరికాలోని జార్జియా రాష్ట్ర ప్రజారోగ్య శాఖ కోవిడ్ చార్టులో మే 7 తర్వాత ఏప్రిల్ 26 వచ్చింది. కమ్మీలు మాత్రం మెట్ల మాదిరి ముచ్చటగా దిగుతూ పోయాయి. జనం గోల చేస్తే క్షమాపణ చెప్పి సరిచేశారు. క్షమాపణ దాకా పోవడం తొందరపాటు. “అవరోహణ క్రమంలో ఇచ్చాం” అంటే సరిపోయేది.

6. తలకిందులు చేయండి

2014లో రాయిటర్స్ వేసిన గ్రాఫులో సున్నా పైన ఉంది, అంకెలు కిందికి పెరిగాయి. ఫ్లోరిడాలో 2005లో ఆత్మరక్షణ చట్టం వచ్చాక తుపాకీ హత్యలు పెరిగాయి, చూసినవాళ్లలో చాలామందికి తగ్గినట్టు కనిపించింది. గీసినవాళ్లకు మోసం చేసే ఆలోచన లేదు, నెత్తురు కారుతున్నట్టు ఉండాలని అలా గీశారు. మీకు నెత్తురుతో పని లేదు. ఫార్మాట్ యాక్సిస్‌లో ఒక్క టిక్కు పెడితే చాలు.

7. పదకొండు రంగులు వాడండి

ముక్కకో రంగు. ఏ రంగు ఏమిటో చెప్పే పట్టీని బొమ్మకు ఎంత దూరంగా వీలైతే అంత దూరంగా, కుడివైపు కింది మూల, ఎనిమిదో సైజు అక్షరాల్లో పెట్టండి. చూసేవాడి మెడ నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాక ఊరుకుంటుంది. మంచికి ఆకుపచ్చ, చెడుకు ఎరుపు తప్పనిసరి. ఆ రెండు రంగుల తేడా తెలియని మగవాళ్లు ప్రతి పెద్ద మీటింగులో ఒకరిద్దరైనా ఉంటారు, ఉన్నట్టు బయటపెట్టరు. అన్నిటికంటే గొప్ప సాయం మీ ఆఫీసు జిరాక్సు మిషనే చేస్తుంది. పదకొండు రంగుల పై చార్టును నలుపు తెలుపులో కాపీలు తీసి టేబుళ్ల మీద పెట్టించండి. పదకొండు ముక్కలూ ఒకే బూడిద రంగు. “కలర్ ప్రింటుకు ఇండెంట్ పెట్టాం సార్” అనండి, నిజంగా పెట్టినా ఫర్వాలేదు.

8. పటంలో భూమిని చూపండి, మనుషుల్ని కాదు

తెలంగాణలో 119 అసెంబ్లీ సీట్లు. ఒక్క హైదరాబాద్ జిల్లాలోనే 15. కానీ రంగులు పూసిన రాష్ట్ర పటంలో ఆ పదిహేనూ కలిపి బొటనవేలి కింద దాగిపోతాయి. ములుగు ఒక్కటే ఎంతో మేర కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో అంతే: పాడేరు, అరకు విశాలంగా, విశాఖ నగరపు సీట్లు చుక్కలుగా. అడవి సీట్లు మీవైతే నియోజకవర్గాల పటం వేసి రాష్ట్రమంతా మీ రంగే అని చూపండి. నగరం మీదైతే సీటుకో గుండ్రం పెట్టండి. రెండు పటాలూ తయారుగా ఉంచుకుని ఫలితాలు వచ్చాక ఒకటి ఎంచుకోవడం తెలివైన పద్ధతి.

మెర్కేటర్ 1569లో ఓడల వాళ్ల కోసం వేసిన పటం ఇప్పటికీ బడి గోడల మీద ఉంది. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికాతో పోటీపడుతుంది. నిజానికి ఆఫ్రికా దానికి పద్నాలుగు రెట్లు. మన దేశం కూడా గ్రీన్‌లాండ్ కంటే పెద్దది, ఆ పటం చూసి ఎవరూ నమ్మరు. నాలుగున్నర శతాబ్దాల తర్వాత కూడా అది ఇంకా గోడల మీద వేలాడుతోందంటే పటాన్ని జనం ఎంత నమ్ముతారో అర్థం చేసుకోండి.

జాన్ స్నో బాట మాత్రం పట్టకండి. 1854లో లండన్‌లో కలరా వస్తే ఆ డాక్టరు ఇల్లిల్లూ తిరిగి చావుల లెక్క తీశాడు. బ్రాడ్ స్ట్రీట్ పంపు పిడి ఊడదీయించాడు. అక్కడితో ఆగాడా? ఒక్కో చావుకు ఒక్కో గీత చొప్పున పటం వేసి అచ్చేయించాడు. గీతలన్నీ పంపు చుట్టూ గుమిగూడి కనిపిస్తాయి. ఇప్పటికీ ప్రతి శిక్షణ తరగతిలో ఆ పటం చూపించి ‘మీరూ ఇలా తిరగండి’ అంటారు. ఎండలో.

9. వీలైతే బొమ్మే వేయకండి

సగటు చెప్పి కూర్చోండి. ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ 1973లో అంకెల పట్టికలు నాలుగు తయారుచేశాడు. నాలుగింటికీ సగటులు ఒకటే, సహసంబంధం ఒకటే, 0.816. గ్రాఫు గీస్తే మాత్రం ఒకటి మామూలుగా చెదిరిన చుక్కలు, ఒకటి వంపు, ఒకటి తిన్నని గీతకు దూరంగా ఒంటరి చుక్క, ఒకటి నిట్టనిలువు గీతతో పాటు ఎక్కడో మూలన మరో చుక్క. గ్రాఫు గీస్తేనే గుట్టు బయటపడుతుందని ఆయన చెప్పదలుచుకున్నది. మీరు గీయకండి. పది బడుల్లో తొమ్మిది బాగుండి ఒకటి కూలిపోయినా సగటు బాగానే ఉంటుంది.

10. అసలు సంగతిని స్లైడు అడుగున పడుకోబెట్టండి

ఇది అన్నిటికంటే ముఖ్యం, నిదానంగా చదవండి. చెప్పకపోతే రేపు “ఎందుకు చెప్పలేదు?” అంటారు. చెబితే ఇవాళే “ఏం చేద్దాం?” అంటారు. రెండూ తప్పించుకోవాలంటే చెప్పాలి, కానీ వినపడకూడదు.

2003 జనవరి 16న కొలంబియా వ్యోమనౌక బయల్దేరినప్పుడు ఇంధన ట్యాంకు మీది నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా పైన తిరుగుతుండగానే ఇంజనీర్లు దెబ్బ ఎంతో అంచనా కట్టి నాసాకు స్లైడులు చూపించారు. అందులో ఒకదాన్ని టఫ్టీ తర్వాత అక్షరం అక్షరం విప్పి చూశాడు. పైన పెద్ద అక్షరాల్లో శీర్షిక, పరీక్షల సమాచారం చూస్తే మన అంచనా జాగ్రత్త వైపే ఉందన్న ధోరణిలో. దాని కింద పెద్ద చుక్క, దాని కింద డ్యాష్, దాని కింద చిన్న చుక్క, అలా మెట్లు మెట్లుగా దిగుతూ అక్షరాలు చిన్నవవుతాయి. ‘గణనీయం’ అనే అర్థమున్న మాట అయిదుసార్లు వస్తుంది, ఒక్కోచోట ఒక్కో అర్థంతో. అట్టడుగు మెట్టు మీద అసలు సంగతి: రెక్కకు తగిలిన ముక్క 1920 ఘనపుటంగుళాలు, ఏ పరీక్షల ఆధారంగా ధైర్యం చెబుతున్నారో ఆ పరీక్షల్లో వాడిన ముక్క 3. అంటే 640 రెట్లు. పరీక్షకూ జరిగినదానికీ పోలికే లేదు. ఆ వాక్యం స్లైడు మీద ఉంది. శీర్షిక దాకా ఎక్కలేదు.

నౌకకు ప్రమాదం లేదని నిర్ణయమైంది. ఫిబ్రవరి 1న తిరిగి వస్తూ కొలంబియా ముక్కలైంది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ మరణించారు. ఆగస్టులో దర్యాప్తు బోర్డు తన నివేదికలో టఫ్టీ విశ్లేషణను చేర్చి, ఇంజనీరింగ్ పత్రాల స్థానంలో స్లైడులు పెట్టుకోవడాన్నే తప్పుపట్టింది. కానీ స్లైడు బాధ్యత మీటింగ్ వరకే. ఆ గదిలో అడగాల్సిన ప్రశ్న అడగకుండానే లేచారు. మన కొలబద్ద ప్రకారం ఆ స్లైడు పాసు.

ఇంకో మాట. ఆ ఇంజనీర్లకు దాచాలన్న ఉద్దేశం లేదు. పీపీటీ అచ్చే ఆ పని చేసిపెట్టింది. ఉద్దేశం లేనివాళ్లకే అంత బాగా కుదిరితే, పూనుకుని కూర్చునే మీకు ఎంత సులువో ఆలోచించండి. వంతెన పగుళ్లు, నీళ్ల ట్యాంకులో క్లోరిన్ లేదన్న సంగతి, హాస్టల్ వంటగది వైరింగు, ఇలాంటివన్నీ మూడో చుక్క కింద నాలుగో డ్యాష్‌కు పంపండి. శీర్షికలో ‘పురోగతి సంతృప్తికరం’ అని రాయండి. రేపు ఏదైనా జరిగితే “17వ స్లైడు చూడండి సార్, అప్పుడే చెప్పాం” అనవచ్చు.

11. పండితుల గొడవను గొడుగుగా వాడుకోండి

ఎవరైనా చదువుకున్నవాడు లేచి “ఈ అలంకారాలేంటి?” అంటే, 2010లో కెనడాలోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం వాళ్లు హోమ్స్ తరహా బొమ్మల మీదే పరీక్ష పెట్టారని చెప్పండి. మామూలు చార్టుకంటే బొమ్మల చార్టే రెండు మూడు వారాల తర్వాత బాగా గుర్తుందని తేలింది. పాల్గొన్నవాళ్లు 20 మందే అన్న మాట ఎత్తకండి. గుర్తుండాలంటే గీసిన లెక్క సరైనదై ఉండాలి కదా అనే వాదనలోకి అసలే పోకండి. ఎవరైనా “మరీ బోడిగా ఉందే, ఏమీ కనిపించట్లేదు” అంటే, టఫ్టీ పేరు చెప్పి సిరా ఆదా చేశామనండి. రెండు వైపులా పుస్తకాలున్న వివాదం ఎంత మేలు చేస్తుందో ఉద్యోగంలో ఉన్నవాళ్లకే తెలుసు.

12. ఫైలు పోనివ్వకండి

చార్టును బొమ్మగా మార్చి పీడీఎఫ్‌లో పెట్టండి, అంకెలు ఎవరూ కాపీ చేసుకోలేరు. అడుగున ‘ఆధారం: వివిధ శాఖలు’ అని రాయండి. ఏ నెల లెక్కో, ఎవరు లెక్కపెట్టారో రాయకండి. “ఎక్సెల్ పంపించండి” అంటే తప్పకుండా పంపిస్తాననే చెప్పండి. మళ్లీ అడిగితే అదే పీడీఎఫ్‌ను ‘ఫైనల్ సవరించినది’ అని పేరు మార్చి పంపండి. మూడోసారి అడిగేవాళ్లు అరుదు. అడిగితే, ఆ సీటు చూసే కుర్రాడు లీవులో ఉన్నాడని చెప్పండి.